ఎడమ చెంప సాక్ష్యం

గోడ పుస్తకం, పడమటి గోడ, వెనక పేజీలు. రాస్తున్నది భ్రమరాంబ.

రోజు 3

ఆపరేషను అయి మూడు రోజులు. ఈ లెక్క అక్కడి నుంచి.

ఆసుపత్రి కాగితంలో ఒకటే ప్రశ్న. నొప్పి ఎంత, సున్న నుంచి పది లోపు చెప్పాలి. సున్న అన్నాను. ఇంకేదో చెప్పబోయేలోగా రాసుకునే అమ్మాయి కాగితం మడిచేసింది. మిగిలింది ఎక్కడో ఒకచోట రాయాలి కదా. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదని మా నియమం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నొప్పి పోయిన మాట నిజం. ఆరేళ్ళ నొప్పి. ఎడమ చెంపకు గాలి సోకితే చాలు, దవడలోంచి కంటి దాకా మెరుపు. మాట్లాడితే మెరుపు, పళ్ళు తోముకుంటే మెరుపు. ఈ ఉదయం భయం లేకుండా ముఖం కడుక్కున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఎడమ సగం మొద్దుగా ఉంది. పన్ను పీకేముందు చిగుళ్ళకు సూది వేస్తే ఉండే మొద్దు. రెండు వారాల్లో విడిపోతుందని డాక్టరు తారకేశ్ అన్నాడు.

రోజు 5

చెల్లెలు వకుళ అట్లు పోసింది. నాచుపిండి అట్టు, మిరపకాయ పచ్చడి. ఆపరేషను తర్వాత మొదటి గట్టి తిండి.

ఎడమ పళ్ళు కలవడం లేదు. నోరు తెరిస్తే దవడ ఎడమకు జారుతోంది. నమిలానో లేదో కూడా తెలియదు. పచ్చడి కారం కుడివైపే మండింది. ఎడమవైపు అదే పచ్చడి, తడి మట్టిలా ఉంది.

"అక్కా, రక్తం," అంది వకుళ.

"ఎవరిది?"

"నీదే. గడ్డం మీద."

లోపల బుగ్గ కొరుక్కున్నాను. ఎంతసేపు కొరికానో తెలియదు. పళ్ళెంలో అట్టు ముక్క ఎర్రగా ఉంది.

వకుళ జావ కాచి ఇచ్చింది. "పక్కింటి రత్తాలుతో కలిసి తాగు, తోడుంటుంది," అని నవ్వింది. నవ్విన వెంటనే చెంప పట్టుకుని కూర్చుండిపోయింది. దానికీ అదే జబ్బు. రెండేళ్ళయింది.

రత్తాలు మాకంటే ముందు గోడ నడిచిన మనిషి. వకుళా నేనూ చేసేది అదే పని, గుమ్మటం గోడకు చెంప ఆనించి చీలికలు వెతకడం. రెండేళ్ళుగా జావ తప్ప ఏమీ తినదు. పళ్ళు దాచుకుంటోందని వాడంతా ఆటపట్టిస్తాం. నేనూ ఆటపట్టించాను.

రోజు 8

బొట్టు పెట్టుకున్నాను. కుడి సగం తెలిసింది. ఎడమ సగం వేరెవరి నుదుటికో పెట్టినట్టుంది.

నీళ్ళు తాగితే పెదవి మూల నుంచి కారుతున్నాయి. జపం చేస్తుంటే చొంగ జపమాల మీద పడింది. చూసేదాకా తెలియలేదు.

ఎడమ కన్ను ఎర్రగా ఉందని వకుళ అద్దం చూపించింది. కంట్లో దుమ్ము. నలకపడితే నీళ్ళు కారే కన్ను అది. దానికీ తెలియలేదు.

రోజు 9

వకుళ ఆపరేషను ఇరవయ్యో రోజున. ఇవాళ కబురొచ్చింది. అది రెండు రోజులుగా ఏమీ తినలేదు. స్ట్రాతో నీళ్ళు తాగుతోంది. అయినా ముఖంలో వెలుగు.

"నీది సఫలం అని రాశారంట. అందుకే నాకూ అదే చేస్తారంట. నువ్వు సున్న అన్నావుగా అక్కా."

సున్న అన్నది నేనే. ఆ మాట పట్టుకుని దాన్ని ఆపరేషను బల్ల ఎక్కిస్తున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"నొప్పి ఉందా?" అన్నాడు.

"లేదు."

"మరింకేమిటమ్మా?"

"ముఖమూ లేదు."

హాస్యమనుకుని నవ్వాడు. తర్వాత దూదితో చెంప తాకాడు. తెలుస్తోందా అన్నాడు. మీ చెయ్యి కనబడుతోంది, తెలియడం లేదన్నాను.

"నరం మొదలు కాలుస్తాం కదా, ఇలా ఉంటుంది. నమిలే కండ కూడా కాస్త బలహీనపడుతుంది. కొందరికి సర్దుకుంటుంది."

"సర్దుకోకపోతే?"

"అలవాటవుతుంది."

"ముందే చెప్పలేదు."

"మీరు అడగలేదు."

కాల్చకుండా ఇంకో దారి లేదా అని అడిగాను. ఉందట. ఆ నరాన్ని ఒక రక్తనాళం నొక్కుతూ ఉంటుందట. రెండింటి మధ్య మెత్త పెడితే నొప్పి తగ్గుతుందట. ముఖం దాదాపు ముఖంలాగే ఉంటుందట. కాకపోతే పుర్రె తెరవాలి, నలభై రోజులు గోడకు పోకూడదు.

"పది రోజుల్లో మనిషి గోడ మీదికి రావాలన్నారు గోడ విభాగం వాళ్ళు. అందుకని ఇది చేశాం."

"ఎవరన్నారు?"

"సింహాద్రి గారు."

నా ముఖం గురించి సింహాద్రిని అడిగారు. నన్ను అడగలేదు.

చేతులు జోడించి వచ్చేశాను. జోడించకపోతే అవి ఏం చేసేవో నాకు తెలియదు.

ఇంటికొచ్చి వకుళకు అంతా చెప్పాను. అది గోడకు ఆనుకుని వింది.

"నాకు మొద్దే కావాలక్కా. ముఖం రాయయిపోయినా సరే. రెండేళ్ళుగా ఎవరూ నన్ను ముద్దుపెట్టుకోలేదు, నేనే వద్దన్నాను. నువ్వు ఒడ్డెక్కి నాకు నీళ్ళ లోతు చెబుతున్నావు."

ఆరేళ్ళు నేనూ అదే కోరుకున్నాను.

రోజు 10

సింహాద్రి గోడ విభాగానికి పెద్ద. నన్ను అప్పా అంటాడు, వాళ్ళ ఉత్తరాంధ్రలో అక్కను అలా పిలుస్తారు. భూమినే వదిలి ఇంత దూరం వచ్చాం. ఆయన మాట మాత్రం మారలేదు.

"పది రోజులయిపోనాయి. గోడకొచ్చీ అప్పా."

"చెంపకు తెలియడం లేదు సింహాద్రీ."

"ముప్పైయొక్క సమచ్చరాల చెంప. అదెక్కడికి పోద్ది? నడిస్తే అదే వొచ్చీద్ది. పక్కన యంత్రాలున్నాయి కదేటి."

యంత్రాలున్నాయి. ఇరవై రెండేళ్ళ కిందటా ఉన్నాయి. బయటి దుమ్ము పిండికంటే మెత్తన. యంత్రాల ముక్కుల్లో అది పేరుకుపోయింది. అంతా బాగుందని అవి చెబుతుండగా తూర్పు వాడలో పదకొండు మంది నిద్రలోనే పోయారు. మా నడిపి చెల్లెలు ఇందుమతి వాళ్ళలో ఉంది. అప్పటి దాకా మా నడక యంత్రాలకు తోడు మాత్రమే. అప్పటి నుంచి గుమ్మటం యంత్రాన్ని నమ్మదు, గోడ నడిచేవాళ్ళ చెంపనే నమ్ముతుంది. గోడకు సన్నటి చీలిక పడితే లోపలి గాలి బయటికి పోతుంది. అక్కడ చెంప పెడితే చల్లగా, ఒక వెంట్రుకను పట్టి లాగినట్టుంటుంది. చేతికి తెలియదు. ముఖానికే తెలుస్తుంది.

ప్రదక్షిణంగా నడుస్తాం. నడిగుమ్మటంలో అమ్మవారి గద్దె. ఆమెను కుడివైపు ఉంచుకుని తిరిగితే గోడ ఎప్పుడూ ఎడమకే వస్తుంది. అతుక్కొక నామం చొప్పున పడమటి గోడకు నూట ఎనిమిది అతుకులు. అందరం ఎడమ చెంపతోనే నడుస్తాం. అందరికీ జబ్బు ఎడమనే వస్తుంది.

ఇవాళ నూట ఎనిమిదీ నడిచాను. గోడ గోడలాగా లేదు. ఫొటోలో గోడలా ఉంది. చీలిక లేకపోతే పుస్తకంలో 'నిమ్మళం' అని రాయాలి. నేను 'తెలియలేదు' అని రాశాను.

రోజు 11

పుస్తకం తెరిచాను. నా 'తెలియలేదు' మీద గీత గీసి ఉంది. పక్కన 'నిమ్మళం'. సింహాద్రి రాత.

"పుస్తకంలో అలాగ రాస్తే జనం బెదిరిపోతారప్పా. మాట వరసకి దిద్దీసేను."

"కింద నా పేరుంది."

"మరందుకే దిద్దేను. నీ పేరుంటే నమ్ముతారు."

ముప్పైయొక్క ఏళ్ళలో ఈ పుస్తకంలో నేను ఒక్క అక్షరం దిద్దలేదు. వాడంతా నిద్రపోతుండగా నా పేరు మీద నా నోరు నొక్కాడు. నామం చెప్పుకుందామంటే నోట్లోంచి నామం రాలేదు. ఇంకో మాట వచ్చింది. దాన్ని మింగాను.

ఇవాళ కూడా 'తెలియలేదు' అనే రాశాను. రేపటికి దిద్దుతాడు.

రోజు 14

పప్పు ఉడకడం లేదు.

వకుళ రెండు గంటలు పొయ్యి మీద ఉంచింది. ఎదురింట్లోనూ అంతే. పాత పప్పు ఇచ్చారని వాడంతా సరుకుల కొట్టును తిట్టుకుంటోంది. తూర్పు వాడలో అదే బస్తా పప్పు మెత్తగా ఉడికిందట. పడమటి తలుపులు బిగించే ఉంటాయి, ఈ వాడ గాలి ఈ వాడదే. గాలి పలచబడితే నీళ్ళు తొందరగా మరుగుతాయి, పప్పు మాత్రం ఉడకదు. పిల్లలు చెవులు రుద్దుకుంటున్నారు.

సింహాద్రికి చెప్పాను. పడమటి వాడలో గాలి ఎంతుందో చూపే యంత్రం ముల్లు కిందికి దిగింది, ఆయనా చూశాడు. చూసి ముల్లునే తిట్టాడు.

"దుమ్ము పట్టీసినాది. యంత్రం మాట ఇంటామేటి? పుస్తకంలో ఇయ్యాల్టితో అయిదు రోజులూ నిమ్మళమనే ఉంది. నీ సంతకమే."

నా సంతకమే. నా చెంప చెప్పని మాట, నేను రాయని మాట. ఆ మాట నమ్మి నలభై ఇళ్ళు నిద్రపోతున్నాయి. ఇందుమతి నిద్రపోయినట్టు.

రోజు 15

పొద్దున్నే స్నానం చేసి అమ్మవారి దగ్గర నిలబడ్డాను. తప్పు చేయబోతున్నానని చెప్పాను. తప్పు అయితే శిక్ష నాకే ఇమ్మన్నాను. కుంకుమ భరిణె కొంగున కట్టుకున్నాను.

నూట ఎనిమిదో అతుకు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచాను. అప్రదక్షిణం. అమ్మవారు ఎడమకు, గోడ కుడికి. కుడి చెంప గోడకు ఆనించాను. ఆ చెంపకు ఈ పని ఎప్పుడూ లేదు. పసిపిల్ల చెంపలా అన్నీ తెలిశాయి. చలి, గరుకు, అతుకు మీద జిగురు గీతలు.

అలా తిరిగేది శవాన్ని తీసుకెళ్ళేటప్పుడే. వాడలో జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఒక తల్లి బిడ్డ కళ్ళు మూసింది. రత్తాలు జావగిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

"ఎవుళు పోయేరే?"

"ఇంకా ఎవరూ పోలేదు," అన్నాను.

సింహాద్రి పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా! నీకేటి పట్టింది? పూజలు సేసుకునే మనిషివి, అపచారం కాదేటి?"

"నా రాత దిద్దావు. ఇది అంతకంటే అపచారమా?"

ఆగలేదు. తొంభై. ఎనభై. అరవై రెండు. నామాలు కూడా చివరి నుంచి మొదటికి చెప్పుకున్నాను. తప్పిపోతే ఆగి మళ్ళీ మొదలుపెట్టాను.

నలభై ఒకటి దగ్గర ఎవరో వెంట్రుక లాగారు.

ఆగాను. మళ్ళీ చెంప పెట్టాను. లాగింది. చల్లగా. ఇది ఎన్నడూ గోడ నడవని చెంప. అయినా దానికి తెలిసింది.

భరిణె తీసి చిటికెడు కుంకుమ గోడ ముందు వదిలాను. కింద పడలేదు. పక్కకు పోయింది. జిగురు కింద గోరంత పొడవున సన్నటి ఎర్ర గీత ఏర్పడింది. వాడంతా చూసింది. సింహాద్రి నోరు తెరుచుకుని చూశాడు. అయిదు రోజులు దానికి జానెడు దూరంలో నా ఎడమ చెంప పెట్టుకుని నడిచాను.

గంటలో చీలిక మూశారు. నాలుగింటికి పప్పు ఉడికింది.

రోజు 16

సింహాద్రి బెల్లం ఉండలు పట్టుకుని వచ్చాడు. వెనకే డాక్టరు. రత్తాలు అప్పటికే మా ఇంట్లో ఉంది. వకుళ మూల కూర్చుంది, దుప్పటి చెంపకు అడ్డం పెట్టుకుని.

"అప్పా, దారి సూపించీసేవు!" అన్నాడు సింహాద్రి. "ఎడమ కాల్పించుకున్నోళ్ళు ఇకనుంచి కుడేపు నడుస్తారు. మడిసికి రెండు చెంపలు. ఇంక బెంగ నేదు."

అపచారం అన్న మనిషే. ఒక్క రోజులో ఆచారం చేసేశాడు.

"కుడిది కూడా నొప్పి పెడితే?"

"అదీ కాల్పించీద్దుం."

"తర్వాత? నుదుటితో నడవమంటావా?"

వకుళ దుప్పటి వెనక నవ్వింది. నవ్వి, చెంప పట్టుకుని మూలిగింది.

డాక్టరును కూర్చోమన్నాను. వంటింట్లోంచి పచ్చి మిరపకాయ, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు తెచ్చాను. ఆయన ఎదురుగా కూర్చుని మిరపకాయ కొరికి ఎడమ బుగ్గలో పెట్టుకున్నాను. పైన వేరుశనగపప్పు.

"మీ ప్రశ్న అడగండి."

"ఏం ప్రశ్న?"

"మీకు ఉన్నది ఒకటే కదా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నొప్పి ఎంత?"

"సున్న. సఫలం అని రాయండి."

ఎడమవైపే నమిలాను. దవడ జారింది, పళ్ళు ఒకదాని మీద ఒకటి పడలేదు. సగం గింజలు బయటికి వచ్చాయి. నేను ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు. ఆయన ముఖం చూసి రక్తం వచ్చిందని నాకు తెలిసింది. నోట్లోది అరచేతిలోకి ఉమ్మి ఆయన ముందు చాచాను. నమలని పప్పు, మిరప గింజలు, నా బుగ్గ తోలు.

"ఇది మీ కాగితంలో ఎక్కడ రాస్తారు?"

రత్తాలు జావగిన్నె కింద పెట్టి లేచింది. డాక్టరు ముందుకొచ్చి నోరు తెరిచింది. ఎడమ బుగ్గ లోపల కొరికి కొరికి కాయ కట్టి ఉంది.

"నాదీ సున్నే బాబూ," అంది. "రెండేళ్ళ కిందట నువ్వే రాసేవు."

నేను రత్తాలు వైపు చూశాను. గోడ మానేసిన రోజున వయసైపోయిందని చెప్పింది. మేం నమ్మాం.

"చెప్పలేదేం రత్తాలూ?"

"గోడ మనిషి ఏడిస్తే గోడ ఏడుస్తాదంటారు కదేటి. నాకొక్కదానికే ఇలాగయ్యిందనుకున్నాను." నా వైపు తిరిగింది. "నువ్వు కూడా నవ్వేవులే, పళ్ళు దాచుకుంటన్నానని."

నవ్వాను. ఆమె కాళ్ళకు దండం పెట్టాను.

కోపం అణుచుకోవడం ఆధ్యాత్మికం అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. రత్తాలు కూడా అలాగే అణుచుకుంది. ఆమె రెండేళ్ళ కిందట అరిచి ఉంటే నా ముఖం నాకుండేది. నేను ఇప్పుడు అరవకపోతే వకుళది పోతుంది. అరిచాను. మాటలు ఇక్కడ రాయను. అమ్మవారు విన్నది. వీధి చివరి వాళ్ళూ విన్నారట.

ఆ తర్వాత వకుళ దుప్పటి తీసేసింది. మాట్లాడితే మెరుపు కొడుతుందని తెలిసే మాట్లాడింది.

"డాక్టరు గారూ. నాకు ఆ రెండోది చెయ్యండి. మెత్త పెట్టేది."

"గ్యారంటీ ఇవ్వలేనమ్మా. నొప్పి కొంత మిగలొచ్చు. కష్టమైన ఆపరేషను."

"అది నాకు ముందే చెప్పారు," అంది వకుళ. "మా అక్కకు ఇలా ముందు చెప్పలేదు."

సింహాద్రి బెల్లం ఉండలు చేతులు మార్చుకున్నాడు. "నలభై రోజులు! దాని గోడ ఎవుళు నడుస్తారు?"

"నేను నడుస్తాను. రెండు గోడలూ. కుడి చెంపతో."

"నీకు కుడేపు కూడా జబ్బొచ్చీస్తే?"

"అప్పుడు నన్ను అడుగు. డాక్టరును కాదు."

రోజు 20

వకుళను తీసుకెళ్ళారు. తలుపు దాకా నా చెయ్యి వదలలేదు. సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం పైకి చదవమంది. డాక్టరు చదివాడు. తెలియని మాట వచ్చినచోట ఆపింది. ఏడుసార్లు ఆపింది. సింహాద్రి గడియారం చూశాడు. నేను సింహాద్రిని చూశాను. ఆయన గడియారం చూడటం మానేశాడు.

అయిదు గంటలు కూర్చున్నాను. జపం చేశాను. కోపం పోలేదు. జపం పక్కనే కూర్చుంది. ఈసారి దాన్ని లేవమనలేదు.

రోజు 31

ఆసుపత్రి కాగితంలో ఇప్పుడు ఇంకో మూడు ప్రశ్నలున్నాయి. ముఖం తెలుస్తోందా? నమలగలుగుతున్నారా? కారం ఎటువైపు తెలుస్తోంది? మూడోది రత్తాలు పెట్టించింది.

క్షమించమని ఎవరూ అనలేదు. సింహాద్రి బెల్లం ఉండలు గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. చీమలు తిన్నాయి.

నా ముఖం రాలేదు. రాదని డాక్టరు ఈసారి అడగకుండానే చెప్పాడు. కంట్లో రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేసుకుంటున్నాను. అన్నం కుడివైపు పెట్టుకుని, అద్దం ముందు కూర్చుని తింటున్నాను. పక్కన రత్తాలు, ఆమె అద్దం ఆమెది. రత్తాలు నిన్న అన్నం తింది. రెండేళ్ళ తర్వాత నాలుగు ముద్దలు.

వకుళ మంచం మీద లేచి కూర్చుంది. తల చుట్టూ కట్టు. నొప్పి రెండు అని చెప్పింది. ఇవాళ అట్టు ముక్కకు పచ్చడి అద్ది నోట్లో పెట్టాను. నమిలింది. ముఖం చిట్లించి చేత్తో నోటికి విసురుకుంది.

"ఏం కారమే ఇది! చంపేస్తావా నన్ను?"

"ఎటువైపు?"

"రెండువైపులా! నీళ్ళివ్వు!"

ఇచ్చాను. ఒక్క చుక్క కారకుండా తాగింది.

తర్వాత గోడకు వెళ్ళాను. ముందు పుస్తకం తెరిచి పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా సింహాద్రి రాసిన అయిదు 'నిమ్మళం'లూ కొట్టేశాను. పక్కన 'తెలియలేదు' అని రాసి, ఎవరు ఎందుకు దిద్దారో కూడా రాశాను. రేపు ఈ పుస్తకం చదివేవాళ్ళు ముల్లును తిట్టకూడదు.

పడమటి గోడ, నూట ఎనిమిది అతుకులు. వకుళ ఉత్తరపు గోడ, తొంభై ఆరు. అప్రదక్షిణం. కుడి చెంప.

గోడ నిమ్మళం. నేను కాదు.